ఫైనాన్స్ ఉద్యోగం కోసం డిగ్రీ కాలేజీ: ఫీజు ఎంత దాకా పెట్టొచ్చు?

ఇంటర్‌లో ఎంఈసీ, సీఈసీ చదివిన పిల్లలున్న ఇళ్ళలో ఏప్రిల్ నుంచి జూలై దాకా ఒకటే చర్చ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీకామ్‌లో చేర్పించాలా? ఢిల్లీ పంపాలా? బెంగళూరులోనో ముంబైలోనో ప్రైవేటు యూనివర్సిటీకి ఏడాదికి మూడు నాలుగు లక్షలు కట్టాలా? లేక ఐఐఎం వాళ్ళ అయిదేళ్ళ కోర్సు కోసం ముప్పై లక్షలు దాటే ఖర్చుకు సిద్ధపడాలా? "వీటిలో ఏ కాలేజీ మంచిది?" అని అడిగితే తలో మాటా చెబుతారు. ఫైనాన్స్‌లో ఏ ఉద్యోగం కావాలో ముందు తేలితే, ఏ కాలేజీకి ఎంత పెట్టొచ్చో కాగితం మీద లెక్క వేయవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన దేశంలో ఫైనాన్స్‌లో పైకెళ్ళినవాళ్ళలో చాలామందికి డిగ్రీ తర్వాత ఇంకో అర్హత ఉంటుంది: సీఏ, మంచి చోట ఎంబీఏ, కొందరికి సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ అర్హత). అది చేతికొచ్చాక డిగ్రీ ఎక్కడ చేశారని అడిగేవాళ్ళు తగ్గిపోతారు. కాబట్టి ఇంట్లో ఉన్న డబ్బు, తేగలిగిన అప్పు మొత్తం డిగ్రీకే ధారపోయకూడదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, కానీ కొద్దిమందికే.

ముందు ఉద్యోగాల సంగతి. బ్యాంకు పీవో, ఆర్‌బీఐ గ్రేడ్ బి, ఎల్‌ఐసీ ఏఏవో లాంటి పరీక్షల ఉద్యోగాలకు కాలేజీ పేరుతో పనే లేదు. ఎస్‌బీఐ పీవోకు ఏ డిగ్రీ అయినా చాలు. ఆర్‌బీఐ గ్రేడ్ బి జనరల్ పోస్టులకు జనరల్ కేటగిరీలో 60 శాతం మార్కులుండాలి, అంతే. ఈ దారి ఎంచుకున్న పిల్లల కోసం ఏడాదికి మూడు లక్షల కాలేజీలో చేర్చడం డబ్బు వృథా చేయడమే. ఆడిట్, ట్యాక్స్ వైపు వెళ్ళాలంటే సీఏనే కొలమానం. సీఏ కోర్సు నడిపే సంస్థ ఐసీఏఐ తానే నిర్వహించే క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ఎన్ని అటెంప్టుల్లో పాసయ్యారు, ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే తప్పనిసరి పని శిక్షణ) ఏ సంస్థలో చేశారు, ర్యాంకు ఉందా అన్నవే చూస్తారు.

మూడో రకం హైదరాబాద్‌లో ఎక్కువ. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, స్టేట్ స్ట్రీట్, గోల్డ్‌మన్ శాక్స్ లాంటి సంస్థల ఇక్కడి ఆఫీసుల్లో ఫండ్ అకౌంటింగ్, రీకన్సిలియేషన్, కేవైసీ, ట్రేడ్ సపోర్ట్ లాంటి ఆపరేషన్స్ పనులకు (లావాదేవీల లెక్కలు, వివరాలు సరిచూసే పనులకు) బీకామ్, బీబీఏ చేసినవాళ్ళను నేరుగా తీసుకుంటారు. మొదలు జీతం సాధారణంగా ఏడాదికి మూడు నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటుంది. ఇవి మంచి ఉద్యోగాలే. నగరంలోని పేరున్న అటానమస్ డిగ్రీ కాలేజీ నుంచి వెళ్ళినా, దానికి అయిదు రెట్ల ఫీజు కట్టి చదివి వెళ్ళినా ఈ పనికి జీతం దాదాపు ఒకటే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కంపెనీ పేరు చూసి "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఉద్యోగం" అనుకుంటారు. కానీ ఆపరేషన్స్‌లో చేరినవాళ్ళు డీల్స్ మీద పనిచేసే టీమ్‌లోకి, రీసెర్చ్ టీమ్‌లోకి మారడం కష్టం. అదే కంపెనీ, అదే భవనం, కానీ దారి వేరు. కాలేజీ బ్రోషర్‌లో ఫలానా బ్యాంకు లోగో కనిపిస్తే, వాళ్ళు ఏ పోస్టుకు తీసుకున్నారో అడగకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

నాలుగో రకం ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ (కంపెనీలకు పెట్టుబడి తేవడం, విలీనాలు కుదర్చడం), ఈక్విటీ రీసెర్చ్ (షేర్ల విశ్లేషణ), ప్రైవేట్ ఈక్విటీ (కంపెనీల్లో వాటాలు కొనే సంస్థలు), స్ట్రాటజీ కన్సల్టింగ్‌లలో డిగ్రీ కాగానే అనలిస్ట్‌గా చేరడం. కాలేజీ పేరు నిజంగా పనికొచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఈ సంస్థలు డిగ్రీ స్థాయిలో కొద్ది క్యాంపస్‌లకే వెళతాయి. శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్, సెయింట్ స్టీఫెన్స్ లాంటి ఢిల్లీ కాలేజీలు, ముంబైలో ఒకటి రెండు, ఐఐటీలు, ఐఐఎంల అయిదేళ్ళ కోర్సులు. వీటి తర్వాత ఉన్న కాలేజీలకు, మామూలు కాలేజీలకు ఈ ఉద్యోగాల విషయంలో తేడా తక్కువ, ఫీజులో తేడా మాత్రం చాలా ఎక్కువ. కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇలా నడిమి వరుసలో ఉన్న కాలేజీల దగ్గరే: ఫీజు పై వరుసది, వచ్చే ఉద్యోగం కింది వరుసది.

ఇప్పుడు ఖర్చు. తెలంగాణలో దోస్త్ (ప్రభుత్వ ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్) ద్వారా, ఆంధ్రలో ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా సీటు తీసుకుని, ఆదాయం, కేటగిరీ ప్రకారం ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే చేతినుంచి పడేది తక్కువ. అయినా ఒక ఏడాది ఫీజు దగ్గర ఉంచుకోవాలి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే ముందు మీరు కట్టండి అనే కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలో, పక్క రాష్ట్రంలో చేరితే ఈ సాయం సాధారణంగా ఉండదు. పోల్చేటప్పుడు ఆ పోయే డబ్బును కూడా ఖర్చుగానే రాసుకోవాలి.

ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో ఫీజు తక్కువ. శ్రీరామ్ కాలేజీలో బీకామ్ ఆనర్స్‌కు ఏడాదికి ముప్పై వేల చుట్టుపక్కలే. అక్కడ ఖర్చంతా ఉండటానికీ తినడానికీ. హాస్టల్ సీట్లు కొద్ది. నార్త్ క్యాంపస్ దగ్గర కమలా నగర్, విజయ్ నగర్ వైపు పీజీకి (పేయింగ్ గెస్ట్ వసతికి) నెలకు 15 వేలు అనుకుంటే 11 నెలలకు 1.65 లక్షలు. రైలు ఛార్జీలు, పుస్తకాలు, ఫోను, చలికాలం బట్టలు కలిపితే ఏడాదికి రెండు లక్షలు తేలికగా అవుతుంది. మూడేళ్ళకు ఫీజుతో కలిపి ఏడు లక్షలు. నాలుగో ఏడాది ఆనర్స్ చేస్తే ఇంకో రెండు లక్షల పైనే. పై వరుస క్యాంపస్ ఈ ఖర్చులో దొరకడం గొప్ప విషయమే. అక్కడ సీటు వస్తే ఏడు లక్షలు పెట్టమనే నేను చెబుతాను. అదే ఢిల్లీలో, అడుగున ఉన్న కాలేజీలో సీటు వస్తే మాత్రం చెప్పను. పీజీ ఖర్చు రెండింటికీ ఒకటే.

ఇక అప్పు చేసి చదివే ప్రైవేటు కోర్సు. ఏడాదికి నాలుగు లక్షల చొప్పున మూడేళ్ళకు 12 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుకునే రోజుల్లో, ఆ తర్వాత ఒక ఏడాది దాకా ఈఎంఐ ఉండదు కానీ సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి ఏడాది 40 వేలు, రెండో ఏడాది 80 వేలు, మూడో ఏడాది 1.2 లక్షలు, ఉద్యోగం వెతుక్కునే ఏడాది ఇంకో 1.2 లక్షలు. మొత్తం 3.6 లక్షలు. ఈఎంఐ మొదలయ్యేనాటికి బాకీ 12 లక్షలు కాదు, 15.6 లక్షలు. పదేళ్ళ గడువుకు ఈఎంఐ సుమారు 20,600 రూపాయలు. ఇందులో హాస్టల్ ఖర్చు లేదు.

ఆ కోర్సులో మధ్యస్థ జీతం (అందరి జీతాలూ వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ ఉండేది) ఆరు లక్షల సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, అనుకోండి. యాజమాన్యం పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్ పే తీసేస్తే నెలకు చేతికొచ్చేది 42 వేలకు అటూ ఇటూ. ముంబైలో అద్దె కట్టి, అందులో సగం ఈఎంఐకి పోతే ఆ పిల్లలు ఎలా బతకాలి? సీఎఫ్ఏ పరీక్షకు ఎక్కడి నుంచి కట్టాలి? నేను పెట్టుకునే హద్దు ఇది: ఈఎంఐ చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాటకూడదు. 42 వేలకు అది 10,500. పదేళ్ళకు, 10 శాతం వడ్డీకి ఆ ఈఎంఐతో తీరే బాకీ దాదాపు ఎనిమిది లక్షలు. చదువు కాలం వడ్డీ తీసేస్తే మొదట తీసుకోదగ్గ అప్పు సుమారు ఆరు లక్షలు. అంటే మధ్యస్థ జీతం ఆరు లక్షలున్న కోర్సుకు అప్పు కూడా ఆరు లక్షల దగ్గర ఆగాలి. మూడేళ్ళ కోర్సుకు ఈ రెండూ సమానంగా ఉంచుకుంటే నోటి లెక్కకు సరిపోతుంది. మిగతాది ఇంట్లో పొదుపు నుంచి రావాలి, లేదంటే ఆ కాలేజీని వదిలేయాలి.

అప్పు తీసుకునేవాళ్ళు రెండు విషయాలు బ్యాంకులో అడగండి. చదువు కాలంలో పడే వడ్డీని నెలనెలా కడితే చాలా ప్రభుత్వ బ్యాంకులు ఒక శాతం దాకా రాయితీ ఇస్తాయి. పైన చెప్పిన అప్పుకు మొదటి ఏడాది అది నెలకు 3,333 రూపాయలు మాత్రమే, కట్టగలిగితే కట్టడం మంచిది. రెండోది, 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం. అందులో చేర్చిన సంస్థల్లో మెరిట్ మీద సీటు వచ్చినవాళ్ళకు తాకట్టు, హామీదారు లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే, వేరే స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివాళ్ళకు, పది లక్షల దాకా అప్పు మీద చదువు కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మీరు అనుకుంటున్న కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు సంగతి మాట్లాడండి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఇది వర్తించదు.

మధ్యస్థ జీతం ఎక్కడ దొరుకుతుంది

పై లెక్కంతా మధ్యస్థ జీతం మీద నిలబడింది. కాలేజీలు ప్రచారం చేసేది మాత్రం అత్యధిక ప్యాకేజీని, సగటును. వంద మందిలో ఇద్దరికి పాతిక లక్షలు వస్తే సగటు పైకి లేస్తుంది, మిగతా 98 మంది జీతం మారదు. నిజం తెలియాలంటే మొదట ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కాలేజీ ర్యాంకులు) కోసం ఆ కాలేజీ సమర్పించిన వివరాల పీడీఎఫ్ తెరవండి. ర్యాంకులకు దరఖాస్తు చేసిన ప్రతి సంస్థా దాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో మూడేళ్ళ డిగ్రీకి ఒక పట్టిక ఉంటుంది: ఎంతమంది చేరారు, గడువులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ళ మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎంతమంది వెళ్ళారు. ఉద్యోగం వచ్చినవాళ్ళను పాసైనవాళ్ళతో భాగించండి. "95 శాతం ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టిన చోట ఇక్కడ 30 శాతం కనబడవచ్చు. అలాంటప్పుడు అబద్ధమని వెంటనే అనుకోనక్కర్లేదు. 95 శాతం అన్నది ప్లేస్‌మెంట్లకు పేరు నమోదు చేసుకుని, అర్హత మార్కులున్నవాళ్ళలో. పై చదువులకు వెళ్ళినవాళ్ళు దాని బయట ఉంటారు. ఆ పట్టికలో ఇంకో లోపం కూడా ఉంది: పెద్ద యూనివర్సిటీల్లో బీకామ్, బీఎస్సీ, బీఏ అన్నీ ఒకే వరుసలో కలిసిపోతాయి. కోర్సువారీ వివరం కాలేజీనే అడిగి, ఈమెయిల్‌లో రాయించుకోవాలి.

రెండో పని లింక్డ్‌ఇన్‌లో. కాలేజీ పేజీలో పూర్వ విద్యార్థుల విభాగం తెరిచి, నాలుగైదేళ్ళ కింద డిగ్రీ పూర్తిచేసినవాళ్ళ బ్యాచ్ పెట్టి, "ఈక్విటీ రీసెర్చ్", "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్" అని వెతకండి. దొరికిన ప్రతి ప్రొఫైల్‌లో మధ్యలో ఎంబీఏ, సీఏ ఉందేమో చూడండి. అవి లేకుండా నేరుగా వెళ్ళినవాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. పది మంది దొరికి, తొమ్మిది మందికి మధ్యలో ఎంబీఏ ఉంటే, ఆ ఉద్యోగం ఇప్పించింది ఆ ఎంబీఏ. మీరు కట్టబోయే డిగ్రీ ఫీజుకు దాంతో సంబంధం తక్కువ. ఒక సాయంత్రం పట్టే ఈ పని, కాలేజీ వాళ్ళు పెట్టే ఏ ఓరియంటేషన్ కన్నా ఎక్కువ చెబుతుంది.

సీఏతో కలిపి చదివేవాళ్ళకు

మన రెండు రాష్ట్రాల్లో ఎంఈసీ అంటేనే సీఏ. ఖర్చు పరంగా దీనికి సాటి లేదు. ఐసీఏఐ రిజిస్ట్రేషన్లు, పరీక్ష ఫీజులు, తప్పనిసరి శిక్షణలు కలిపినా లక్షకు అటూ ఇటూ అవుతుంది. కోచింగ్ వేరు. 2023 జూలై నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్ పరీక్షలు ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి. అన్నీ మొదటిసారే పాసైతే ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ లోపే పూర్తవుతుంది.

అన్నీ మొదటిసారే పాసవడం అరుదు. సీఏ ఇంటర్మీడియట్, ఫైనల్‌లలో పేపర్లు రెండేసి గ్రూపులుగా ఉంటాయి; రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్ళలో గట్టెక్కేది ఈమధ్య అటెంప్టుల్లో అయిదో వంతు లోపే. ప్రతి పేపర్‌లో 40, గ్రూపు మొత్తంలో 50 శాతం రావాలి. ఒక్క పేపర్‌లో 38 వస్తే గ్రూపంతా పోతుంది. అందుకే సీఏ చదివే పిల్లలకు డిగ్రీ పేరుకు ఉండే కాగితం కాకూడదు. 60 శాతం పైన మార్కులతో బీకామ్ చేతిలో ఉంటే బ్యాంకు పరీక్షలు, ఎంబీఏ, ఆపరేషన్స్ ఉద్యోగాలు తెరిచే ఉంటాయి. హాజరు పట్టించుకోని కాలేజీలో చేరి, సీఏ ఆగిపోయాక 52 శాతం డిగ్రీతో మిగిలిన పిల్లల పరిస్థితి చాలా కష్టంగా ఉంటుంది. మొదటి రెండేళ్ళు ఫౌండేషన్, ఇంటర్మీడియట్‌తో పాటు కాలేజీ నడుస్తుంది. ఆర్టికల్‌షిప్ పూర్తిస్థాయి పని కాబట్టి 75 శాతం హాజరు కచ్చితంగా అడిగే కాలేజీతో పొసగదు. తరగతులు ఉదయమే ముగిసే కాలేజీ అయితే ఇంటర్మీడియట్ దాకా బాగుంటుంది, ఫీజు ఎంత తక్కువైతే అంత మంచిది. ఫౌండేషన్ వద్దనుకునేవాళ్ళు కామర్స్ డిగ్రీ 55 శాతంతో పూర్తిచేసి నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. వేరే డిగ్రీ అయితే 60 కావాలి.

"ఏసీసీఏతో కలిపిన బీకామ్" అని లక్షలు ఎక్కువ అడిగే కాలేజీలు ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. ఏసీసీఏ అంటే బ్రిటన్ సంస్థ ఇచ్చే అకౌంటింగ్ అర్హత, అందులో మొత్తం 13 పేపర్లు. ఏ డిగ్రీకి ఎన్ని పేపర్ల మినహాయింపు ఉందో ఏసీసీఏ సొంత వెబ్‌సైట్‌లో కాలేజీ పేరుతో వెతికితే తెలుస్తుంది. ఆ మినహాయింపులకు కూడా ఏసీసీఏకు విడిగా ఫీజు కట్టాలి. కాలేజీ వసూలు చేసేది చాలావరకు కోచింగ్ ఫీజు. ఇంకో మాట, మన దేశంలో కంపెనీల స్టాట్యుటరీ ఆడిట్ మీద సంతకం పెట్టే అధికారం ప్రాక్టీసులో ఉన్న సీఏకే ఉంది. ఏసీసీఏ పెద్ద ఆడిట్ సంస్థల్లోనూ విదేశీ కంపెనీల ఆఫీసుల్లోనూ పనికొస్తుంది, సొంతంగా ఆడిట్ ప్రాక్టీసుకు పనికిరాదు.

ఎంబీఏ ఆలోచన ఉన్నవాళ్ళకు కూడా తక్కువ ఫీజు డిగ్రీయే నయం. ఐఐఎం అహ్మదాబాద్‌లో రెండేళ్ళ కోర్సుకు పాతిక లక్షల చుట్టుపక్కల అవుతుంది. ఆ అప్పు ఎలాగూ ముందుంది. చాలా ఐఐఎంలు ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు ప్రవేశ పరీక్ష క్యాట్ స్కోరుతో పాటు పది, ఇంటర్, డిగ్రీ మార్కుల శాతం చూస్తాయి, కాలేజీ ఫీజు చూడవు. నాన్ ఇంజనీర్లకు కొన్ని చోట్ల అదనపు పాయింట్లూ ఉంటాయి. ఆ లెక్కన ఊళ్ళో 85 శాతంతో చేసిన బీకామ్, ముంబైలో 65 శాతంతో చేసిన ఖరీదైన బీబీఏ కన్నా మేలు.

లెక్కలు బాగా వచ్చే పిల్లలకు రెండు దారులు మన ఇళ్ళలో తక్కువగా చర్చకు వస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఒకటి. కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి ఫీజు చాలా తక్కువ, ప్రవేశం సీయూఈటీతో (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షతో). రెండోది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్, బీమ్యాథ్ (గణాంకశాస్త్రం, గణితం డిగ్రీలు). ఇన్నేళ్ళుగా అక్కడ ట్యూషన్ ఫీజు లేకపోగా నెలనెలా స్టైపెండ్ ఇస్తున్నారు. ప్రవేశ పరీక్ష కఠినం. రిస్క్, క్వాంట్ (గణిత నమూనాలతో పనిచేసే) ఉద్యోగాలకు ఖరీదైన ఏ బీబీఏ కన్నా ఇది బలమైన పునాది.

ఈ తలుపులు తెరుచుకునేది, మూసుకునేది పదో తరగతి తర్వాతే. సీఈసీ తీసుకుంటే లెక్కలు పోతాయి. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో మ్యాథమెటిక్స్ తప్పనిసరి. బీకామ్ ఆనర్స్‌కు మ్యాథ్స్ లేదా అకౌంటెన్సీ ఉంటే చాలు. అంతేకాదు, ఢిల్లీ యూనివర్సిటీకైతే ఇంటర్‌లో చదివిన సబ్జెక్టులనే సీయూఈటీలో రాయాలి. సీయూఈటీలో భాషగా తెలుగు ఉంది, కానీ ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్న పిల్లలు ఇంగ్లిష్ రాయడమే క్షేమం. పరీక్ష రాస్తే సరిపోదు, ఢిల్లీ యూనివర్సిటీ సీట్ల కేటాయింపు పోర్టల్‌లో మళ్ళీ విడిగా నమోదు చేసుకోవాలి. ఇది తెలియక మంచి స్కోరుతో ఇంట్లో కూర్చునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు.

చివరిగా తేదీలు. ప్రైవేటు యూనివర్సిటీలు ఏప్రిల్, మేలోనే సీటు ఖాయం చేసుకోమని డబ్బు అడుగుతాయి. దోస్త్ విడతలు మేలో మొదలవుతాయి. సీయూఈటీ ఫలితాలు వచ్చేసరికి జూన్ చివరో జూలైయో అవుతుంది. ఈ మధ్యలో ఎక్కడో ఒక చోట డబ్బు కట్టక తప్పదు. యూజీసీ ప్రతి ఏడాదీ ఫీజు వాపసు తేదీలు ప్రకటిస్తుంది. 2024–25లో సెప్టెంబర్ 30 లోపు సీటు వదిలేస్తే మొత్తం తిరిగి ఇవ్వాలని, అక్టోబర్ 31 లోపు అయితే వెయ్యి రూపాయలకు మించి కోయకూడదని చెప్పింది. మీరు చేరే ఏడాది సర్క్యులర్ డౌన్‌లోడ్ చేసుకుని, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకుని, సీటు వదులుకుంటున్నట్టు ఈమెయిల్ పంపి తేదీతో దాచుకోండి. టీసీ, మార్కుల మెమోల ఒరిజినల్స్ పరిశీలించి తిరిగి ఇచ్చేయాలన్నది కూడా యూజీసీ నిబంధనే. ఒరిజినల్స్ పెట్టుకుంటామనే కాలేజీలో, ఢిల్లీ ఫలితం తేలేదాకా, అడ్మిషన్ తీసుకోకండి.